ఇంకొక్క తట్ట

ఊ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి. భయపడేవాళ్ళు ఇంకా దగ్గరికి జరగండి. ఈ ఒడ్డు ఇంకా ఒడ్డు కాని రోజుల్లో, అనగా అనగా, మన పల్లె అదిగో ఆ తెరచాపలు కనబడుతున్న చోట ఉండేది. నవ్వకండి. అక్కడ అప్పుడు నేలే.

ఆ పల్లెలో కొర్లమ్మ అని ఎండుచేపలు అమ్ముకునే మనిషి ఉండేది. మొగుడు లేడు. ఉన్న ఒక్క కొడుకూ నడక నేర్చిన ఏడాదే జ్వరమొచ్చి పోయాడు. ఒడ్డున ఇసకలో పాతిపెట్టింది. నక్కలు తవ్వుతాయేమోనని, చేపల తట్టతోనే ఇసక మోసి దిబ్బ పోసింది. "చాల్లే" అన్నారు అందరూ. "ఇంకొక్క తట్ట" అంది కొర్లమ్మ.

ఏళ్ళు గడిచాయి. సముద్రం పైకి రావడం మొదలుపెట్టింది. తుఫానులా కాదు, దొంగలా. ఇవాళ గడప ముందు, రేపు గడప మీద. పల్లె గుడిసెలు విప్పుకుని వెనక్కి జరిగింది. కొర్లమ్మ గుడిసె వదిలేసింది. కొడుకు ఎముకల్ని ఇసకతో సహా తట్టకెత్తుకుని, కొత్త ఒడ్డున మళ్ళీ దిబ్బ పోసింది, "ఇంకొక్క తట్ట" అనుకుంటూ.

సముద్రం మళ్ళీ వచ్చింది. పల్లె మళ్ళీ జరిగింది. కొర్లమ్మ మళ్ళీ ఎత్తుకుంది. వెనక్కి తిరిగి చూస్తే, నీళ్ళు ఆ దిబ్బను చేటతో చెరిగినట్టు చెరుగుతున్నాయి. బురదంతా తేలి లోతుకు పోతోంది. ఇసక మాత్రం ఉన్నచోటే నీళ్ళకింద కుదురుకుంటోంది. ఆ ఇసకలో తెల్లగా ఒక చిన్న వేలి ఎముక. ఆమె వంగేలోగా అల కప్పేసింది.

మూడోసారి సముద్రం వచ్చింది. కొర్లమ్మ వాళ్ళన్న బండియ్య ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు.

"బేగి రాయే సెల్లీ! నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చీసినాయి."

"నాను రాను అన్నా. ఎత్తినప్పుడల్లా నా గుంటడు కొంచెం కొంచెం ఎనకే ఉండిపోతన్నాడు. ఈపాలి ఎత్తితే నా సేతికి ఏటి మిగుల్తాది?"

"సచ్చిపోతావే!"

"నువ్వెళ్ళు. ఇంకొక్క తట్ట ఏసి పడుకుంటాను."

బండియ్య ఏడుస్తూ వెళ్ళాడు. కొంత దూరం పోయి చూస్తే నీళ్ళ మీద ఆమె తల, తల మీద తట్ట. ఇంకొంత దూరం పోయి చూస్తే తట్ట ఒక్కటే. మూడోసారి చూస్తే సముద్రం.

ఆ మీదట మంచు పట్టిన ఒక పొద్దున బండియ్య అక్కడే వల దించాడు. పడవ అడుగున సర్ర్, సర్ర్ అని ఇసక ఒంపుతున్న చప్పుడు. వల లాగితే ఒక్క చేప లేదు. నిండా ఇసక. సముద్రంలోంచి వచ్చిన ఇసక, పొడిగా, వెచ్చగా ఉంది. బండియ్య ఒక్క రేణువు ఉంచుకోకుండా మళ్ళీ నీళ్ళలోనే ఒంపేశాడు.

"ఇంక పడుకోయే సెల్లీ" అన్నాడు.

కిందనుంచి జవాబొచ్చింది. ఏ జవాబో మీకు తెలుసు.

నాలుగోసారి సముద్రం లేచింది గానీ పల్లెను ముట్టలేదు. పెద్ద అలలన్నీ కొర్లమ్మ దిబ్బ మీదే విరిగిపోయాయి. మనం వదిలేసి వచ్చిన మనిషే మనకు అడ్డం నిలబడింది, సిగ్గుపడాల్సిన సంగతే.

ఇప్పటికీ నీళ్ళకింద మూడు ఇసక దిబ్బలున్నాయి, ఒకదాని వెనక ఒకటి. మూడోది ఏటేటా పెరుగుతోంది. దాని మీదుగా పోయే పడవవాళ్ళు పిడికెడు ఒడ్డు ఇసక నీళ్ళలో వేసి, "ఇదే ఆఖరి తట్టమ్మా, ఇంక పడుకో" అంటారు. అని గబుక్కున చెవులు మూసుకుంటారు.

పల్లెలో బిడ్డ పోతే, ఆ తల్లిని కూడా పడవలో అక్కడికి తీసుకెళ్తారు. ఆమె మాత్రం చెవులు మూసుకోదు.