వదులు దారం

దేసమ్మ విసిరితే గేలానికి గుచ్చిన రబ్బరు చేప ఏటి మొగను సగానికి పైగా దాటి పడేది. రాయిమొగ ఊళ్ళో మగవాళ్ళు కూడా అంత దూరం విసరలేరు. అయినా ఏం లాభం? వెళ్ళినప్పుడు ఖాళీ బుట్ట, తిరిగొచ్చినప్పుడూ ఖాళీ బుట్టే.

ఏరు సముద్రంలో కలిసే ఆ మొగ ఒడ్డున చిన్న దర్గా ఉంది. సున్నం కొట్టిన గోడ, మీద పచ్చజెండా, అంతే. దాన్ని చూసుకునే ఖలందర్ బాబా దగ్గరే దేసమ్మ గేలం నేర్చుకుంటోంది. బాబాకి సొంతవాళ్ళు లేరు. తన కూర తానే పట్టుకునేవాడు. ఆయన పట్టేది బల్లతల చేపని. దాని తల బల్లపరుపుగా, ఒళ్ళు ఇసుక రంగులో ఉంటుంది. ఇసుక కప్పుకుని, కళ్ళు మాత్రం బయటపెట్టి, కదలకుండా పడుకుంటుంది. నోటి ముందుకొచ్చిన దాన్ని గబుక్కున మింగుతుంది. సంతలో ఆ చేపని అడిగి మరీ కొనుక్కుంటారు.

దేసమ్మకి ఆ చేప కావాలి. దానికి కారణం ఆమె మొగుడు గురయ్య.

గురయ్య కుడిచెయ్యి పడవకీ బండకీ మధ్య నలిగిపోయి పనికిరాకుండా అయింది. అన్నం కలుపుకోవాలన్నా పెళ్ళామే కలపాలి. దేసమ్మ, ఒడ్డు మీంచి తాళ్ళతో అలివి వల లాగే జట్టులో తాడు పట్టి ఇల్లు నడిపేది. ఆ వల గలాయన చేపలు పడటం లేదని వల అమ్మేసుకున్నాడు. జట్టు చెదిరిపోయింది. ఆడవాళ్ళందరూ దూరాన ఎక్కడో రొయ్యల షెడ్డుకి పేర్లు రాయించుకున్నారు. అక్కడే పని, అక్కడే పడక. పండక్కో పబ్బానికో ఇంటికి పంపిస్తారు. గురయ్య అక్క కన్నమ్మ దేసమ్మ పేరు కూడా రాయించేసింది.

"నువ్వెళ్ళవే దేసీ. మా తమ్ముడు నా ఇంట్లో తింటాడులే" అంది కన్నమ్మ.

కన్నమ్మ మంచిదే. కానీ కన్నమ్మ ఇంట్లో ఇద్దరు కోడళ్ళు. వాళ్ళ గుమ్మం ముందు గురయ్య కంచం పట్టుకుని కూర్చోవడం దేసమ్మ కళ్ళ ముందు మెదిలింది. మర్నాడు పొద్దున్నే వదినకి చెప్పేసింది.

"షెడ్డు వేన్ వచ్చేలోగా నా చేత్తో ఒక్క చేపైనా పట్టి చూపిస్తాను వదినా. పట్టానా, నేను ఊరు కదలను."

"దేంతో పడతావేటి?"

"రబ్బరు చేపతో."

కన్నమ్మ పగలబడి నవ్వింది. "రబ్బరు చేపతో నిజం చేపని పడతాదంట! ఇంక ప్లాస్టిక్ బియ్యం ఎసట్లో పొయ్యవే, సరిపోద్ది."

దేసమ్మ తలొంచుకుని మొగ దారి పట్టింది.

*

మొదటి రోజు బాబా, ఓడల్లో పనిచేసే భక్తుడొకడు తెచ్చిచ్చిన రబ్బరు చేపల్లోంచి చిటికెనవేలంత దాన్ని తీశాడు. సీసం గుండు ఉన్న గేలాన్ని దాని మూతిలోంచి దూర్చి, వీపు మీద కొక్కెం బయటికి వచ్చేలా సరిచేశాడు. పట్టుకుంటే అది మెత్తగా, తోక ఆడిస్తూ, బతికున్నట్టే ఉంది.

"నిజం రొయ్యని గుచ్చితే మంచిది కదా బాబా?"

"పీతలకి మంచిది" అన్నాడాయన.

"ఏ వేళకి రమ్మంటారు?"

"నీళ్ళు దిగడం మొదలయ్యాక రా. మెరకలో ఉన్న చిన్న చేపలన్నీ నీళ్ళతో పాటు కిందకి జారతాయి. బల్లతల అక్కడ కాచుకుని ఉంటుంది."

తర్వాత ఆయన రీలున్న గేలం కర్రతో ఒకసారి విసిరి చూపించాడు. రబ్బరు చేప నీళ్ళలో పడింది. అడుక్కి చేరేదాకా ఆగాడు. కర్ర కొస చిన్నగా ఎత్తాడు. మళ్ళీ దించాడు. దారం వదులయ్యింది. మళ్ళీ ఆగాడు.

"చేప ఎగిరేదాన్ని చూస్తుందమ్మా. పడేదాన్ని పట్టుకుంటుంది."

ఇంతే పాఠం. దేసమ్మ బుద్ధికి అది వెంటనే ఎక్కింది. చేతులకి మాత్రం ఎక్కలేదు.

ఆమె పుట్టింది వల తాళ్ళ మధ్య. అలివి వల లాగేటప్పుడు తాడు వదులయిందంటే వల అంచు అడుగు నుంచి లేచిపోతుంది, చేపంతా కిందనుంచి జారుకుంటుంది. తాడు వదిలిన మనిషిని జట్టంతా తిడుతుంది. అందుకే దేసమ్మ చెయ్యి ఆగదు. రబ్బరు చేప నీళ్ళలో పడీ పడకముందే రీలు గరగరా తిప్పేది. దూరంగా విసరడం కూడా అక్కడ నేర్చిందే. వల ఎంత లోపలికి వెళ్తే అంత చేప. కాబట్టి చీర పైకి దోపుకుని నడుంలోతు దిగి, అక్కణ్ణించి బలమంతా పెట్టి విసిరేది. వచ్చేది నాచు. ఒకసారి ఎవరిదో తెగిన చెప్పు వచ్చింది.

"ఒక కాలిది దొరికింది. రెండోది కూడా పట్టుకురావే, నేనేసుకుంటాను" అంది కన్నమ్మ.

దేసమ్మ చెప్పు పారేసి, నాచు దులుపుకుని, మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. వానొచ్చిన రోజు కూడా కొంగు తల మీద కప్పుకుని వెళ్ళింది. వేన్ వచ్చే రోజు దగ్గరపడుతోంది. ఇక ఉండబట్టలేక బాబాని అడిగేసింది.

"బాబా, కర్ర పొట్టిదైపోయింది. పొడుగుది ఇప్పించండి. ఈ ఒడ్డు మీద నా అంత దూరం విసిరేవాళ్ళు లేరు. ఇంకొంచెం దూరం పడిందంటే చేప నాదే."

బాబా నీళ్ళకేసి చూశాడు. "పూర్తిగా దిగనీ" అన్నాడు.

నీళ్ళు పూర్తిగా దిగాయి. పొద్దున దేసమ్మ నడుంలోతున నిలబడ్డ చోటు బయటపడి, తడి ఇసుక మెరుస్తోంది. బాబా చెప్పులు విడిచి అక్కడికి నడిచాడు. దేసమ్మ వెనకే నడిచింది. ఒకచోట ఆయన గొంతుక్కూర్చున్నాడు.

ఇసుకలో గుర్తులున్నాయి. మేస్త్రీ తాపీని బోర్లించి అదిమినట్టు వెడల్పాటి తల, వెనక సన్నగా జారిన ఒళ్ళు. అలాంటిది ఒకటి కాదు. ఇక్కడొకటి, అక్కడొకటి, అంచు పొడవునా ఉన్నాయి. వాటి మీదా వాటి పక్కనా మనిషి అడుగులు లోతుగా దిగి ఉన్నాయి. వెడల్పు మడమ, పక్కకి తిరిగిన చిటికెనవేలు. ఆ అడుగులు ఎవరివో దేసమ్మకి వేరే చెప్పక్కర్లేదు.

బాబా అరచేత్తో ఆ అడుగులని చెరిపేశాడు. ఒక్కొక్కటీ మెల్లగా, చేపల గుర్తులకి చెయ్యి తగలకుండా చెరిపాడు. లేచి, చేతికంటిన ఇసుక దులుపుకుని దర్గాలోకి వెళ్ళిపోయాడు.

దేసమ్మ తను నిలబడింది కూడా ఒక గుర్తు పక్కనే అని చూసుకుని, అడుగు వెనక్కి వేసింది.

*

మర్నాడు ఆమె కాలు తడవలేదు. నీటి అంచుకి ఎడంగా పొడి ఇసుకలో నిలబడి, దగ్గర్లోనే, అంచు వెంబడి విసిరింది. నాలుగుసార్లు విసిరాక కొంచెం పక్కకి నడిచి మళ్ళీ విసిరింది. ఒడ్డున వల అల్లుకుంటున్న ముసలాళ్ళు నవ్వారు. "ఏమ్మా, జబ్బ సత్తువ అయిపోయిందా?"

ఆ రోజే బల్లతల కనిపించింది. మోకాలు కూడా మునగని నీళ్ళలో, రబ్బరు చేప వెనకే నీడలా వచ్చింది. దేసమ్మ చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. రీలు గరగరా తిరిగింది. నీడ అంచుదాకా వచ్చి, తోక ఒక్కటి విసిరి, వెనక్కి మళ్ళిపోయింది.

"బాబా! వచ్చింది! నా కాళ్ళ దాకా వచ్చింది!"

"వచ్చింది. నువ్వు ఆగలేదు" అన్నాడు బాబా.

ఆ మధ్యాహ్నం ఇంట్లో అన్నం కలిపి పెడుతుంటే గురయ్య గోడకేసి చూస్తూ అన్నాడు. "నేను అక్క ఇంట్లో తింటానులే. నువ్వెళ్ళు. రేపే కదా వేన్."

"నీ కంచం ఈ ఇంట్లోనే పెడతాను" అంది దేసమ్మ.

"మరి చేప?"

"నోరు తెరువు. అన్నం చల్లారిపోతోంది."

*

తెల్లారి నీళ్ళు దిగడం మొదలయ్యేసరికి ఆమె మొగ దగ్గర ఉంది. బాబా దర్గా మెట్టు మీద కూర్చుని జెండా గుడ్డకి చిరుగు కుట్టుకుంటున్నాడు. దేసమ్మ అంచు వెంబడి విసురుతూ నడుస్తోంది. ప్రతిసారీ రబ్బరు చేప పడగానే చెయ్యి రీలు మీదికి పోతోంది. ప్రతిసారీ తిట్టుకుంటోంది.

రోడ్డు మీద హారన్ మోగింది. కాసేపటికి కన్నమ్మ, తల మీద గుడ్డతో, ఇసుకలో కాళ్ళు కూరుకుపోతుంటే పరిగెత్తుకొచ్చింది.

"ఒలే దేసీ! వేన్ వచ్చేసిందే! అందరూ ఎక్కేశారు. షెడ్డు మేస్త్రీ నీ పేరెట్టి కేకలేస్తన్నాడు. నీ మూటేదే?"

"కట్టలేదు వదినా."

"కట్టలేదా! ఒలమ్మో! మనిషివేనా నువ్వు? వేన్ వెళ్ళిపోతే మళ్ళీ పిలుస్తారేటి? ముందు అది లాగెయ్యి! లాగేసి రాయే!"

అప్పుడే విసిరిన రబ్బరు చేప అడుక్కి దిగుతోంది. హారన్ మళ్ళీ మోగింది, ఈసారి ఆపకుండా. దేసమ్మ భుజం అదిరింది. చిన్నప్పటి నుంచి తాడు లాగిన భుజం అది. లాగు, లాగు, వదులయితే పోతుంది అంటోంది లోపల. వదిన కూడా లాగమంటోంది. దేసమ్మ రెండు మడమలూ ఇసుకలో గట్టిగా దించుకుంది. పళ్ళు బిగించింది. కర్ర కొస చిన్నగా ఎత్తింది. దించింది. రీలు మీది చెయ్యి తీసి నడుం మీద పెట్టుకుంది.

దారం నీటి మీద వంకరగా తేలింది.

"ఒలే, వినబడతందా నీకు?"

"వినబడుతోంది వదినా. ఆగు."

నీటి మీది వంకర నెమ్మదిగా తిన్నగా అయింది. గాలి లేదు. అల లేదు. తలుపు మీద వేలితో కొట్టినట్టు కర్రలో టక్‌మంది.

దేసమ్మ కర్ర ఎత్తింది. అవతల బరువుగా, మొండిగా, తల విదిలిస్తూ ఏదో కదిలింది. ఆమె గుంజలేదు. చిన్న అల వచ్చినప్పుడు అలతో పాటు వెనక్కి నడిచింది. అల వెనక్కి పోయినప్పుడు ఉన్నచోటే నిలబడింది. మళ్ళీ అల వచ్చింది. మళ్ళీ నడిచింది. మూరెడు బల్లతల ఇసుక మీదికి జారొచ్చి, ఎగిరి, పొర్లింది. గేలం ఊడిపోయింది. చేప నీళ్ళకేసి ఎగిరింది.

కన్నమ్మ పుట్టినప్పట్నించీ చేపలమ్మిన మనిషి. తల మీద గుడ్డ లాగి చేప మీద పడేసి, చెంపల ముళ్ళు గుచ్చుకోకుండా రెండు చేతులా అదిమిపట్టేసింది.

ఇద్దరూ ఇసుకలో మోకాళ్ళ మీద ఉన్నారు. ఇద్దరికీ ఆయాసం. చేప గుడ్డ కింద కొట్టుకుంటోంది.

"ఓలమ్మ" అంది కన్నమ్మ. "రబ్బరుకే!"

హారన్ మళ్ళీ మోగింది. కన్నమ్మ రోడ్డుకేసి తిరిగి గొంతెత్తింది.

"ఓ మేస్త్రీ! దేసమ్మ పేరు కొట్టెయ్! అది రాదు! ఎన్నిసార్లు మోగిస్తావు, చెవులు పోతన్నాయి!"

తర్వాత కన్నమ్మే దేసమ్మ బుట్టని ముందుకి లాక్కుని చేపని అందులో వేసింది. "అట్టా చూస్తావేటి? పులుసు నేను పెడతాను. నీ చేతి పులుసు మా తమ్ముడు ఇన్నాళ్ళు తిన్నది చాలు." కళ్ళు తుడుచుకుంటూ బుట్ట తలకెత్తుకుని వెళ్ళిపోయింది.

వేన్ కదిలిన చప్పుడు వినిపించింది. దూరమైంది. ఇక వినిపించలేదు.

దేసమ్మ దర్గా మెట్టు దగ్గరికి వచ్చింది. దండం పెట్టింది. చేతిలో రబ్బరు చేప తోక సగం తెగి వేలాడుతోంది.

"మరి వెళ్ళొస్తాను బాబా."

బాబా సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టాడు. సంచీలోంచి కొత్త రబ్బరు చేపని తీసి, ఆమె గేలానికి గుచ్చి, కర్ర ఆమె చేతికిచ్చాడు.

"నీళ్ళింకా దిగుతున్నాయమ్మా" అన్నాడు.