మోడు లేని పాలరాతి విలుకాడు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి తిప్పుతాడు. రెండోవాడు గుర్రమెక్కుతాడు. మూడోవాడు జయకేతు ప్రశ్నలడుగుతాడు. పల్లకీ కనబడితే, "బరువు మోసేదెవరు?" కోట కనబడితే, "బరువు మోసేదెవరు?" వినీ వినీ ఊరంతా విసిగిపోయింది.

ఏడు సముద్రాల అవతల యవనదీవిలో మకరాక్షుడనే మాంత్రికుడున్నాడు. దారినపోయేవాళ్లను పాలరాయిగా మార్చి, యవనుల పురాణ కథల్లోని బొమ్మలుగా నిలబెట్టేవాడు. అటు వెళ్లిన అన్నలిద్దరూ తిరిగి రాలేదు. వాళ్లను వెతకడానికి జయకేతు ఒక మాటలాడే సముద్రపు తాబేలు వీపెక్కి బయలుదేరాడు.

"ఇప్పుడడగవేం, బరువు మోసేదెవరని?" అంది తాబేలు. జయకేతు సిగ్గుపడి దిగి ఈదాడు. కాసేపటికి మళ్లీ ఎక్కాడు.

దీవి నిండా బొమ్మలే. వేళ్ల చివర ఆకులు మొలుస్తున్న కన్నె ఒకచోట. పెద్ద పాములు చుట్టేసిన తండ్రీ ఇద్దరు కొడుకులూ ఇంకోచోట. ఆ కొడుకులు తన అన్నలే!

"ఎంత అందం!" అన్నాడు వెనకనుంచి వచ్చిన మకరాక్షుడు ఆవలిస్తూ. "ఏడవరు, అన్నం అడగరు, ఎదురు చెప్పరు."

"అది అందమా? చెర! మనుషుల గొంతు నొక్కి..."

"ఉపన్యాసం ఆపు, నాయనా. నా ప్రాణమున్న చిలుక ఒక బొమ్మలో ఉంది. మూడుసార్లలో చూపిస్తే అందరినీ వదిలేస్తా. లేదా నువ్వూ బొమ్మవే."

జయకేతు సింహాన్ని చంపే వీరుణ్ణి చూపించాడు. తప్పు! మోకాళ్ల దాకా రాయయ్యాడు. పిడుగు పట్టిన దేవరాజును చూపించాడు. తప్పు! నడుం దాకా రాయయ్యాడు.

"రాజులూ వీరులే కనబడతారేంరా నీకు?" తాబేలు కసిరింది. "ఊరందరినీ చంపుకుతిన్న ఆ ప్రశ్న ఏమైంది?"

జయకేతు మొహాలు వదిలేసి కాళ్లు చూశాడు. నిలబడ్డ ప్రతి బొమ్మ కాలి వెనకా ఒక రాతి మోడు ఉంది. సన్నటి రాతికాళ్లు అంత ఒంటిని మోయలేవు, ఆసరా కావాలి. ఒక్క విలుకాడు మాత్రం మోడు లేకుండా ఒంటికాలి మునివేళ్ల మీద నిలబడ్డాడు.

"వీడి బరువు మోసేదెవరు? ఎవరూ లేరు. అంటే వీడికి బరువే లేదు. లోపలంతా బోలు! వీడే!"

తాబేలు వెళ్లి ఢీకొట్టింది. విలుకాడు పెంకులయ్యాడు. తన తలమీదుగా ఎగిరిన చిలుకను జయకేతు ఒడిసిపట్టి మెడ విరిచాడు. మాంత్రికుడు కూలిపోయాడు. రాళ్లన్నీ మనుషులయ్యాయి.

"భుజాలు పడిపోయాయిరా, నన్నెత్తుకో," అన్నాడు పెద్దన్న.

"కాళ్లున్నాయిగా, నడవండి!" అంది వేళ్లకున్న ఆకులు దులుపుకుంటూ ఆ కన్నె. ఆమె పేరు తమాలిక. జయకేతుకు ఆ మాట తెగ నచ్చింది.

పెళ్లయింది, పట్టాభిషేకమూ అయింది. ఊరేగింపుకు పల్లకీ వచ్చింది. "మోసేదెవరు?" అంది తమాలిక. పల్లకీ ముందు కొస జయకేతు ఎత్తుకున్నాడు, వెనక కొస ఆమె ఎత్తుకుంది. వాళ్లు చల్లగా ఏలినన్నాళ్లూ ఏటా ఊరేగింపు అలాగే సాగింది. లోపల మాత్రం తాబేలు కూర్చుని గొణిగేది:

"కుదపకండర్రా! ఏడు సముద్రాల్లో నేను కుదిపానా?"