స్తంభాలమ్మ వెనక కుర్చీ

కాకినాడ పాత బజారులోని ఈ నాటకశాలకు వచ్చే ప్రతివారూ ఒకే ప్రశ్న అడుగుతారు: "హాలు నడుమ ఈ స్తంభమేమిటండీ?" గుర్రపునాడా ఆకారంలోని టేకు బాల్కనీ గురించి గానీ, గానుగ సున్నపు గోడల గురించి గానీ ఒక్కరూ అడగరు. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఈ పుస్తకం వేయించవలసి వచ్చింది. పసుపు పూసి బొట్లు పెట్టిన ఆ తాటి స్తంభమే స్తంభాలమ్మ. దయచేసి ఆనుకుని నిలబడవద్దు.

పూర్వం ఇక్కడ చింతపండు కొట్లు ఉండేవి. పడాల గవర్రాజు అనే బియ్యం వర్తకుడు వాటిని కొని నాటకశాల కట్టించాడు. ఆయనకు నాటకాల పిచ్చి కన్నా గొప్పల పిచ్చి ఎక్కువ. బాల్కనీకి రెండు వరుసలు చాలని మేస్త్రీ అంటే, పట్టుబట్టి ఐదు వేయించాడు. తొలి నాటకానికి జనం ఎక్కగానే దూలాలు కిర్రుమన్నాయి. అందరినీ దింపి, కింద తాటి స్తంభం నిలబెట్టారు. బాల్కనీ నిలిచింది గానీ, స్తంభం సరిగ్గా గవర్రాజు కుర్చీకి అడ్డంగా పడింది.

రాజు వేషం వస్తే ఆయనకు కిరీటం సగం, కత్తి సగం కనిపించేవి. మెడ ఇటూ అటూ సాచి సాచి ప్రాణం విసిగిపోయింది. కుర్చీ జరుపుకోవడం నామోషీ. ఒకనాడు పొద్దున్నే కూలీలను పిలిపించి, సాయంత్రం ఆటకల్లా స్తంభం తీసెయ్యమన్నాడు. "అయ్యగారండీ, పైన జనం కూర్చుంటారండి" అని మేస్త్రీ మొత్తుకున్నా వినలేదు.

మధ్యాహ్నపు కునుకులో ఆయనకు ఒక పెద్దముత్తైదువ కనిపించింది. రెండు చేతులా బాల్కనీని ఎత్తి పట్టుకుని చెమటలు కక్కుతోంది.

"ఏరా గవర్రాజూ, నీ గొప్పలు మొయ్యలేక నా భుజాలు పడిపోతన్నాయి. నేను నీకడ్డమా? సరే, పోతాను. పైన కూకున్నోళ్ళని నువ్వు మోస్తావా?"

"మరి నాకు నాటకం కనపడదమ్మా" అన్నాడాయన, కలలోనూ తగ్గకుండా.

"కనపడకపోతే నీ కొంపేం మునిగిపోదు. నోరుమూసుకుని నా ఎనకాల కూకో" అని అమ్మ కసిరింది.

ఆయన లేచి హాలుకు పరుగెత్తాడు. కూలీలు అప్పటికే తాళ్ళు కట్టి ఒక లాగు లాగారు. పైనుంచి సున్నం పెళ్ళలు రాలాయి. ఆయన స్తంభాన్ని వాటేసుకుని ఆపాడు. ఆ సాయంత్రం అమ్మకు పసుపు రాసి, వెనకే కూర్చున్నాడు. నాటకం ఒక్క ముక్క కనిపించలేదు. తల పైకెత్తి, ఆట అయ్యేదాకా బాల్కనీ దూలాలనే చూస్తూ ఉండిపోయాడు.

నేటికీ ఈ నాటకశాల అధ్యక్షులెవరైనా, కలెక్టరుగారు పక్కన కూర్చోమన్నా సరే, ఆ కుర్చీలోనే కూర్చోవాలి. ప్రస్తుత అధ్యక్షురాలు, గవర్రాజు మునిమనుమరాలు సీతారత్నంగారు తిట్టుకుంటూనే కూర్చుంటారు. ఇల్లు కట్టుకునేవారు ఇక్కడ కొబ్బరికాయ కొడితే ఆ ఇల్లు నిలుస్తుందని నమ్మకం. అమ్మ వెనక కూర్చున్నవారికి నాటకం కనిపించదు. పైన కూర్చున్నవారు మాత్రం ఆట చూసి క్షేమంగా ఇళ్ళకు వెళ్తారు.