కొత్త నంబరు నుంచి వచ్చిన మర్యాద

కాశీబుగ్గలో ఆడిటరు పేడాడ విశ్వనాథంగారు ప్రశ్నకు వెంటనే జవాబిచ్చే మనిషి కారు. అడిగినవారిని కూర్చోమని తన పని తాను చూసుకునేవారు. జవాబు దొరికినప్పుడు చెప్పేవారు; దొరకకపోతే ఆ సంగతీ చెప్పేవారు. ఆరేళ్ళుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న హైమావతికి ఈ పద్ధతి అలవాటే. అయినా ఆ జూలై చివరి వారంలో ఆమెకు ఓపిక సన్నగిల్లింది. రిటర్నుల గడువుకు నాలుగు రోజులే ఉన్నాయి. రిఫండు వచ్చిందనీ, నోటీసు వచ్చిందనీ, పాన్ కార్డు రద్దయిందనీ క్లయింట్ల ఫోన్లకు పూటకొక దొంగ సందేశం వస్తోంది. ఏది నిజమో తేల్చమని అందరూ ఆమెనే అడుగుతున్నారు. తాను ఒక్కటి తప్పు చెబితే ఎవరి కొంప మునుగుతుందోనన్న భయం ఆమెను వదలడం లేదు.

"మాస్టారూ, వ్యాపారం చేసేవాళ్ళు ఈ దొంగల నుంచి తప్పించుకోవాలంటే అన్నిటికంటే ముందు ఏది బాగుచేసుకోవాలి? కంప్యూటరా, పాస్‌వర్డులా?"

ఆయన తలెత్తలేదు. "ముందు కూర్మారావుగారి కాగితాలు చూడు," అన్నారు.

బల్లెడ కూర్మారావు ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ యజమాని. గింజలు కొట్టి పొట్టు తీసే ఆడవాళ్ళు నూట అరవై మంది అతని దగ్గర పనిచేస్తారు. హైమావతి ప్రశ్న విని అతను నవ్వాడు.

"మాకేటి భయం లేదమ్మా. మొన్ననే విశాఖపట్నం నుంచి మనిషిని రప్పించి కంప్యూటర్లన్నిటికీ కట్టుదిట్టం చేయించాను. ఆపైన మా గుమాస్తా లోకనాథం ఉన్నాడు. ఇరవై రెండేళ్ళయింది, నా మాటకి ఎదురడిగి ఎరగడు."

అంతలో ఆ లోకనాథమే గుమ్మంలో కనిపించాడు. వానలో సైకిలు తొక్కుకుంటూ వచ్చినట్టున్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఫోను మాత్రం ప్లాస్టిక్ సంచిలో చుట్టి గుండెకు ఆనించి పట్టుకున్నాడు. లోపలికి అడుగు పెట్టలేదు.

"ఏటయ్యా, ఫ్యాక్టరీ ఎవడికి వదిలీసి వచ్చావు?" అన్నాడు కూర్మారావు.

"ఒక్క మాట బాబూ. తవరు నన్ను 'దయచేసి' అన్నారా?"

"ఎవరు? నేనా? నీకా?"

"అదే బాబూ, నాకూ అనుమానమొచ్చింది."

విశ్వనాథంగారు కలం కింద పెట్టి, ఫోను కోసం చెయ్యి చాచారు. వాట్సాప్‌లో కొత్త నంబరు. దాని పక్కన, వర్తక సంఘం సన్మానంలో మెడలో దండతో ఉన్న కూర్మారావు ఫొటో. కింద ఇలా ఉంది: 'ఇది నా కొత్త నంబరు. ఆడిటరు దగ్గర ఉన్నాను, ఫోన్ చేయవద్దు. గడువు ముగుస్తోంది. పనివాళ్ళ ఆధార్, పాన్, బ్యాంకు ఖాతాల జాబితా వెంటనే పంపు.' కాసేపటికి మరొకటి: 'అందింది. దయచేసి రెండో జాబితా కూడా పంపు.'

జూలై చివరి వారంలో ఒక యజమాని ఎక్కడుంటాడో ఊహించడానికి దొంగకు పెద్ద తెలివి అక్కర్లేదు.

"అందింది అంటే?" హైమావతి ఫోను మీదికి వంగింది. "ఏం అందింది?"

"గింజలు కొట్టేవాళ్ళ జాబితా తల్లీ. ఎనభై నాలుగు మంది. పంపీసినాను. రెండోది పంపబోతుంటే ఈ మాట కనబడింది. ఇన్నేళ్ళలో బాబు నోట నేనీ మాట వినలేదు."

కూర్మారావు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "నీ ఇంటి సొమ్మయితే ఇలాగే పంపుతావురా?"

"అందులో నా పెళ్ళాం పేరూ ఉంది బాబూ."

"మరి ఒక్క ఫోను కొట్టడానికి చేతులు పడిపోయాయా?"

లోకనాథం గుమ్మం మీద కారుతున్న నీళ్ళవైపు చూశాడు. "మొన్న సోమవారం కొట్టాను కదా బాబూ. ఆడిటరుగారి దగ్గరుండగా ఇంకోపాలి ఫోను మోగితే పనిలోంచి తీసేస్తానన్నారు. అందుకని సైకిలేసుకుని వచ్చాను."

విశ్వనాథంగారు ఫోను లోకనాథానికి తిరిగి ఇస్తూ, "ఇంకేమీ పంపకు. ఒక్క అక్షరం చెరపకు," అన్నారు. హైమావతి సైబరు నేరాల ఫిర్యాదు నంబరుకు ఫోను చేసింది. తర్వాత బ్యాంకు మేనేజరుకు చేసి, ఎనభై నాలుగు ఖాతాల మీద కన్నేసి ఉంచమని బతిమాలింది. ఒక్కొక్క పేరూ లోకనాథం చెబుతుంటే ఆమె రాసుకుంది. ముప్ఫై ఒకటో పేరు దగ్గర అతను ఆగి, మెల్లిగా చెప్పాడు. అది అతని భార్య పేరని ఎవరూ అడగకుండానే తెలిసింది.

కూర్మారావు విశ్వనాథంగారి దగ్గరగా వంగాడు. "ఆడోళ్ళకి మాత్రం తెలియనీయకండి మాస్టారూ. గోల పెట్టీస్తారు. రేపు ఒక్కర్తీ పనిలోకి రాదు."

"మీరు చెప్పకపోతే ఆ దొంగే వాళ్ళకి ఫోను చేస్తాడు, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానని. వాళ్ళ ఖాతా నంబరు వాళ్ళకే చదివి వినిపిస్తాడు. ఎంతమంది నమ్మరంటారు?"

గోడ గడియారంలో నాలుగున్నర. అయిదింటికి ఫ్యాక్టరీ వదులుతారు. ఆ తర్వాత ఎనభై నాలుగు మందీ ఏ ఊరివాళ్ళు ఆ ఊరికి వెళ్ళిపోతారు. కూర్మారావు కారు తాళాలు అందుకుని బయటికి నడిచాడు. లోకనాథం కారు తలుపు దగ్గర నిలబడిపోయాడు.

"సీటు తడిసిపోద్ది బాబూ. నేను సైకిలు మీద వచ్చేస్తాను."

"ఎక్కు," అన్నాడు కూర్మారావు.

కారు మలుపు తిరిగాక బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. ఇప్పటిదాకా ఏ ఖాతా నుంచీ డబ్బు కదల్లేదట. 'ఇప్పటిదాకా' అన్న మాటను మేనేజరు రెండుసార్లు అన్నాడని హైమావతి చెప్పింది. ఆమె పేర్ల కాగితాన్ని మడిచి ఫైల్లో పెట్టింది. తన ప్రశ్నను మళ్ళీ అడగడానికి ఆమెకు నోరు రాలేదు.

విశ్వనాథంగారు వదిలేసిన కాగితాన్ని ముందుకు లాక్కున్నారు. రెండు వరుసలు చదివి, ఆగారు.

"ఈసారి దొంగ మర్యాద ఎక్కువై బయటపడ్డాడు, అమ్మాయీ. కూర్మారావులా కసరడం వాడికి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో, గుమాస్తాలు భయం లేకుండా ఫోను చేసి అడిగేలా చేసుకోవడానికి మనకున్న గడువు అంతే."