మోకు ముడి

డాక్టర్ నరహరిరావుకు ఒక అలవాటుంది. శిష్యులెవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పడు, పక్కన నిలబడి చూడమంటాడు. ఆ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన డాక్టర్ ప్రణవికి ఈ అలవాటంటే చిరాకు. ఆ ఉదయం నిలదీసింది: "అయిదు నిమిషాలు మాట్లాడితే తాగేవాడు మారతాడా సార్?" ఆయన బయట కూర్చున్న వాళ్లలో తర్వాతి మనిషిని పిలవమన్నాడు.

వచ్చినవాడు బాలమల్లు, తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. పొద్దున్నే చెట్టు మీంచి జారాడట, ఛాతీ అంతా చెక్కుకుపోయింది. విస్కీ వాసన ఇంకా గుప్పుమంటోంది. గాయం కడుగుతూ, రోజూ తాగుతావా అని అడిగింది ప్రణవి.

"రోజెందుకు తాగుత మేడమ్? కల్లు కుండ చేతిల ఉన్నా నోట్లె పోసుకోను. దావత్ ఉంటెనే. నిన్నొకటాయె, ఇయ్యాల బామ్మర్ది ఇంట్ల ఇంకొకటి."

విందుల్లో తప్ప రోజూ తాగనివాడు తాగుబోతు కాడని ఆ ఊరి లెక్క. ప్రణవికి ఒళ్లు మండింది. కాలేయం దగ్గర మొదలుపెట్టి పెళ్లాం పిల్లల దాకా దంచింది. బాలమల్లు బుద్ధిగా తలూపుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తున్నాడని ఆమెకు తెలుస్తూనే ఉంది. రాత్రి తాగి, రేపు పొద్దున్నే మళ్లీ చెట్టెక్కుతాడు. ఈసారి చెక్కుకుపోవడంతో ఆగదు.

నరహరిరావు కుర్చీ అతని పక్కకు జరుపుకున్నాడు. "బాలమల్లూ, నీ తాగుడు గురించి ఒక్క మాట అడగొచ్చునా?"

"అడుగున్రి సారూ."

"పొద్దుగాల చెట్టెక్కేటప్పుడు మోకు ముడి సూసుకున్నవా?"

మోకంటే చెట్టుకూ నడుముకూ కలిపి చుట్టుకునే తాడు. గీసేవాడి ప్రాణం ఆ ముడిలోనే ఉంటుంది. బాలమల్లు చెయ్యి నడుము దగ్గరికి పోయింది. ప్రణవి ఏదో అనబోతే గురువు చెయ్యెత్తి ఆపాడు.

"ముడి ఏసిన్నో లేదో యాదికి లేదు సారూ," అన్నాడు బాలమల్లు చివరికి. "పైన ఉన్నప్పుడు ఊడింది. చెట్టును కర్సుకొని జారిన. మీసం రాకముందు సంది ఎక్కుతున్న, ఎన్నడు మర్వలే."

"మరి ఏం జేద్దామనుకుంటున్నవ్?"

బాలమల్లు లేచి బయటికి పోయాడు. సైకిల్‌కు తగిలించిన మోకు తెచ్చి బల్ల మీద పెట్టాడు. తన మోకు పరాయి చేతికివ్వడం వాళ్ల ఇంటావంటా లేదు.

"దావత్‌కు పోకుంటె బామ్మర్ది మొకం జూడడు. గని రేపు చెట్టెక్కను. కల్లు పొంగిపోతె పోనియ్. ఎల్లుండొచ్చి తీస్కపోత," అని వెళ్లిపోయాడు.

ప్రణవి ఉసూరుమంది. "మానేస్తానని ఒక్క ముక్క అనలేదు సార్. ఈ రాత్రి కూడా తాగుతాడు."

నరహరిరావు మోకును జాగ్రత్తగా చుట్టి బీరువాలో పెట్టాడు.

"మానెయ్యమని నేను అని ఉంటే, ఇది ఇప్పుడు అతని సైకిల్ మీద ఉండేదమ్మా," అన్నాడు.