మొదటి ముద్ద

మా గురువు నరహరి గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరింట భోజనానికి కూర్చున్నా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని నమిలి, మింగిన తరువాత ఉప్పు సంగతి చెప్పేవారు. "సరిపోయిందమ్మా" అనో, "కాస్త ఎక్కువైంది" అనో, "చాలలేదు" అనో, ఆ మూడింటిలో ఒకటి. అంతకు మించి పొగడ్తా ఉండేది కాదు, వంకా ఉండేది కాదు. పెళ్లి భోజనమైనా, రైల్లో ఎవరో పెట్టిన పులిహోర పొట్లమైనా ఇదే తంతు.

బెజవాడ సత్యనారాయణపురంలో ఆయన దగ్గర ఉపనిషత్తులు చదువుకునేవాళ్లం నలుగురం. అందరం నలభై దాటినవాళ్లమే. ఆదివారం పాఠం అయ్యాక వంతులవారీగా ఒక్కొక్కరి ఇంట్లో ఆయనకు భోజనం. చదువు కంటే ఆ భోజనం మీదే మాకు శ్రద్ధ ఎక్కువని మా ఇళ్లలో ఒక అభియోగం ఉంది. అందులో అబద్ధమేమీ లేదు. అయితే గురువుగారి నోటి నుంచి ఆ మాట వచ్చేదాకా వండిన ఇల్లాలు గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడటం చూస్తే మాకు ప్రాణం ఉసూరుమనేది. ఆత్మ గురించి అంత చెప్పే మనిషికి ఈ జిహ్వచాపల్యం ఏమిటని దారిలో గొణుక్కునేవాళ్లం. ఆయన ముందు అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

ఆ ఆదివారం వంతు సుదర్శనానిది. అతనికి మందుల షాపు ఉంది. భార్య ఇందుమతి పొద్దున్నే లేచి తోటకూర పప్పు, దొండకాయ వేపుడు, మిరియాల చారు చేసింది. గురువుగారు పప్పన్నం ముద్ద మింగి, "పప్పులో ఉప్పు చాలలేదు తల్లీ" అన్నారు. ఇందుమతి మొహం చిన్నబోయింది. ఉప్పు గిన్నె తెచ్చి ఆయన పక్కన పెట్టి, లోపలికి వెళ్లిపోయింది. సుదర్శనానికి కోపం వచ్చింది. గురువుగారి మీద అతనికి కోపం రావడం నేను చూడటం అదే మొదలు.

"గురువుగారూ, తప్పుగా అనుకోకండి. వండి పెట్టిన చేతిని నొప్పించే నిజం గొప్పదా, నొప్పించని మౌనం గొప్పదా? ఉప్పు తక్కువని మాకూ తెలుస్తోంది. మేమంతా నోరు మూసుకుని తినడం లేదా?"

ఇలాంటి ప్రశ్న వస్తే మామూలుగా ఆయన భాష్యంలోంచి ఒక వాక్యం తీసి, దాని మీద గంటసేపు చెప్పేవారు. ఆ రోజు తీయలేదు. కంచంలో చేయి అలాగే ఉంచి, "మా ఇంట్లో జరిగింది ఒకటి చెబుతాను" అన్నారు. ఆయన భార్య పోయి ఆరేళ్లయిందని మాకు తెలుసు గానీ, ఆవిడ గురించి ఆయన మాట్లాడగా ఎన్నడూ వినలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాయడం నాకు చేతకాదు. నాకు గుర్తున్నంతవరకు సంగతి ఇది.

ఆవిడ పేరు మాణిక్యాంబ. మడి కట్టుకుని వండేది. దేవుడికి నివేదన కాకముందు రుచి చూస్తే వంట ఎంగిలవుతుంది కనుక ఆవిడకు ఉప్పు ఎప్పుడూ చేతి కొలతే. నివేదన అయ్యాక మొదటి కంచం భర్తది. ఆయన పీట మీద కూర్చుంటే, ఆవిడ ఉప్పు జాడీ పట్టుకుని ఎదురుగా నిలబడి, "ఎలా ఉందండీ?" అని అడిగేది. ఆయన బాగుందన్నాకనే జాడీ గూట్లోకి వెళ్లేది. అప్పుడు కూతురు ప్రసూనకు వడ్డించేది. చేయి ఏనాడూ తప్పింది కాదు. అందుకని కొన్నేళ్లకు ఆయన ముద్ద కలుపుతూనే "బాగుంది" అనడం మొదలుపెట్టారు. పదేళ్లు గడిచేసరికి ముద్ద కలపక ముందే అనేవారు. ఆవిడ మాత్రం రోజూ అడుగుతూనే ఉండేది, జాడీ పట్టుకుని.

ఆయన కాలేజీ ఉద్యోగం నుంచి రిటైరైన మరుసటి ఏడు ఆవిడ చేయి తప్పింది. ఒకనాడు చారులో ఉప్పు అసలు లేదు. బాగుందన్న మాట అప్పటికే నోరు దాటింది. ఒక్క రోజుకేమిలే అనుకుని ఆవకాయ నంజుకుని తినేశారు. వారం తిరగకుండా బంగాళాదుంప వేపుడులో ఉప్పు రెండుసార్లు పడింది. ప్రసూన తండ్రి వైపు చూసింది, తండ్రి కళ్లతోనే వద్దన్నారు. ఆ తరువాత ఇది రోజువారీ అయింది. కూర ఉప్పుకషాయమైతే పెరుగు కలుపుకునేవారు, పప్పు చప్పగా ఉంటే ఊరగాయ. మాణిక్యాంబ అడుగుతూనే ఉంది, వీళ్లు బాగుందంటూనే ఉన్నారు. ముప్ఫై నాలుగేళ్లు వండి పెట్టిన మనిషికి ఇప్పుడు వంక పెట్టడానికి ఇద్దరికీ మనసు రాలేదు.

ప్రసూన బ్యాంకులో పనిచేసేది, తెలివైన పిల్ల. తల్లి నొచ్చుకోకుండా తాము కడుపునిండా తినే ఉపాయం కనిపెట్టింది. "ఎన్నాళ్లని పొయ్యి దగ్గర నిలబడతావమ్మా? ఈ పూట బయట తిందాం పద" అంది. మొదట శుక్రవారం సాయంత్రాలు. తరువాత శుక్ర, ఆదివారాలు. ఆ పైన వారానికి నాలుగు పూటలు. బందరు రోడ్డు మీద ఏసీ హోటళ్లు ఒకటొకటిగా తిరిగారు. మసాలా దోసెలు, రుమాలీ రోటీలు, పనీరు కూరలు, చివర్లో ఐస్‌క్రీము. తండ్రీ కూతుళ్లు లొట్టలు వేసుకుని తినేవారు. మాణిక్యాంబ చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, ఒక్క ఇడ్లీని తుంచుకుంటూ కూర్చునేది. ఎవరో చుట్టాల ఇంటికి వచ్చి, వాళ్లు ఎప్పుడు లేస్తారా అని చూస్తున్నట్టు ఉండేది. "నాకు విశ్రాంతి ఇస్తున్నారు" అని పక్కింటివాళ్లతో చెప్పుకునేది గానీ, ఆ చెప్పడంలో సంతోషం వినిపించేది కాదు.

ఒక సాయంత్రం పక్క బల్ల దగ్గర ఒకాయన సర్వరును కేకేశాడు. "ఏమయ్యా, ఈ కూరలో ఉప్పు లేదు. మీ మాస్టరు చూసుకోడా?" సర్వరు గిన్నె లోపలికి పట్టుకెళ్లి, కాసేపటికి మళ్లీ తెచ్చిపెట్టాడు. ఆయన తిని తలూపాడు. మాణిక్యాంబ ఇడ్లీ వదిలేసి ఇదంతా చూసింది. సర్వరు తమ బల్ల దగ్గరికి వచ్చినప్పుడు అడిగింది.

"నాయనా, మీ మాస్టరు ఏమన్నాడు? బాధపడ్డాడా?"

సర్వరు నవ్వాడు. "బాధెందుకమ్మగారూ? చెప్పకపోతేనే తంటా. డేగిశాలో కూరంతా అలాగే వెళ్లిపోద్ది. ఇంకోసారి ఎవరూ రారు."

"అదృష్టవంతుడు" అంది మాణిక్యాంబ.

ఇంటికి వెళ్తూ ఆటోలో ఆవిడ భర్త వైపు తిరిగి, "ఏమండీ, నిజం చెప్పండి. ఈమధ్య నా వంట ఎలా ఉంటోంది?" అని అడిగింది. ఆయన నవ్వేసి, "నీ చేతి వంటకు వంక పెట్టే మొనగాడెవడు మాణిక్యం?" అన్నారు. ప్రసూన చీకట్లో తండ్రి చేయి నొక్కింది, బాగా చెప్పావన్నట్టు. ఆ క్షణంలో తాను ఎంతో దయగలవాణ్ణని తనకు అనిపించిందని గురువుగారు మాతో అన్నారు. ఈ మాట చెబుతున్నప్పుడు ఆయన ఎవరి మొహమూ చూడలేదు.

ఆ తరువాత నెల రోజులకు ఒక ఉదయం ప్రసూన లేచి వచ్చేసరికి ఇల్లంతా గ్యాసు కమ్ముకుని ఉంది. పొయ్యి తిప్పి ఉంది, మంట లేదు. మాణిక్యాంబ అక్కడే నిలబడి ప్రశాంతంగా బీరకాయలు తరుగుతోంది. ఆవిడకు వాసనే తెలియలేదు. ఆ మధ్యాహ్నమే పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆ డాక్టరమ్మ తలకు స్కానింగు తీయించి, ఫిల్ములు చూసి, మొట్టమొదట అడిగిన ప్రశ్న వంట గురించే.

"ఈవిడ వంటలో తేడా ఎప్పటి నుంచి గమనించారు?"

"తేడా ఏమీ లేదమ్మా" అంది మాణిక్యాంబ. "మావాళ్లు రోజూ బాగుందనే అంటారు."

ప్రసూన ఏడవడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ ఆయన వైపే చూస్తోంది. చెప్పక తప్పలేదు. "ఏడాదిన్నర అయిందండీ" అన్నారు. మాణిక్యాంబ తల తిప్పి ఆయన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే తట్టుకునేవాణ్ణి అన్నారు గురువుగారు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసిందట.

తలలో గడ్డ. మెల్లగా పెరిగే రకం. వాసన, రుచి పోవడం, వేసింది మరిచి మళ్లీ వేయడం, ఇవే దాని మొదటి గుర్తులని డాక్టరమ్మ చెప్పింది. అప్పుడే తెచ్చి ఉంటే సులువుగా తీసేవాళ్లం, ఇప్పుడు ఆపరేషన్ చేయక తప్పదు, చేసినా ధైర్యం చెప్పలేను అంది. ఆసుపత్రిలో చేరడానికి నాలుగు రోజులు గడువు పెట్టింది.

ఆసుపత్రిలో చేరే రోజు ఉదయం మాణిక్యాంబ తలంటి పోసుకుని, మడి కట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. వద్దని ఎవరూ అనలేకపోయారు. కందిపప్పు, చారు, అన్నం. అంతే. నివేదన చేసి, ఆయనకు పీట వేసి వడ్డించి, జాడీ పట్టుకుని ఎదురుగా నిలబడింది. "ఎలా ఉందండీ?" అంది.

ఆయన ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. ఎన్నో ఏళ్ల తరువాత మొదటిసారి, మింగేదాకా నోరు మెదపలేదు.

"లేదు మాణిక్యం. ఉప్పు అసలు లేదు" అన్నారు. అంటూనే ఏడ్చేశారు.

ఆవిడ ఏడవలేదు. ఆయన కంచం పక్కన కూర్చుని, జాడీలోంచి చిటికెడు తీసి పప్పులో వేసి, తన చేత్తోనే కలిపింది. "ఇప్పుడు?" అంది. "ఇంకాస్త" అన్నారు. మళ్లీ కాస్త వేసింది. "ఇప్పుడు?" "సరిపోయింది."

"నా నాలుకకు ఏదీ తెలియడం లేదండీ, వయసనుకున్నాను" అంది మాణిక్యాంబ. "మీరు బాగుందంటున్నారు కదా, చేతికి ఇంకా తెలుసులే అనుకున్నాను. అందుకే ఎవరికీ చెప్పలేదు." జాడీకి మూత పెడుతూ అంది: "ఈ ఒక్క మాట కోసం ఏడాదిన్నరగా మీ ఎదురుగా నిలబడ్డాను."

ఆపరేషన్ అయ్యాక ఆవిడకు తెలివి రాలేదు. పదకొండో రోజు పోయింది. ప్రసూన ఇప్పటికీ హోటల్లో తినదు. జాడీ గూట్లోనే ఉంది.

గురువుగారు చెప్పడం ఆపారు. కంచాల్లో అన్నం ఆరిపోయింది. నేను తల ఎత్తలేకపోయాను, ఎందుకంటే మా ఇంట్లో నా భార్య రోజూ ఏమి అడుగుతుందో, నేను ఏమి చెబుతానో నాకు గుర్తొచ్చింది. వంటింటి గుమ్మంలో ఇందుమతి ఎప్పుడు వచ్చి నిలబడిందో మేమెవరమూ చూడలేదు. కళ్లు ఒత్తుకుంటోంది. సుదర్శనం కోపం ఎటో పోయింది. ఏదో ఒకటి అనాలి కనుక, "మా ఇందుమతి కూడా రోజూ అడుగుతుంది గురువుగారూ" అన్నాడు.

"నువ్వేమంటావు?"

"బాగుందనే అంటాను."

గురువుగారు ఇందుమతి తెచ్చిపెట్టిన గిన్నెలోంచి చిటికెడు ఉప్పు తీసి పప్పులో కలుపుకున్నారు. ముద్ద ఎత్తబోతూ ఆగి, సుదర్శనం కంచం వైపు చూశారు.

"ముద్ద మింగాకేనా?" అన్నారు.