కూర్మనాథం గారు పెట్టిన పేరు

పిల్లలూ, ఒక పెద్దాయన కాలం చేసి అరవై ఏళ్ళయింది. ఇప్పుడు ఆయన చేత పసిబిడ్డకి పేరు పెట్టించుకు రావాలంటే ఎలా వెళ్ళాలి? తెలీదా? గోరింటపాలెం సోమలింగానికి తెలుసు. పది గంటల బస్సులో వెళ్ళాలి!

సోమలింగం, భార్య నాగరత్తమ్మ, కొడుకు కోటిలింగం, కోడలు అలివేలు. నలుగురికీ తెలివి ఎక్కువ. ఎవరు చెప్పారంటారా? వాళ్ళే చెప్పారు. "ఊరంతటికీ పంచమని దేవుడు పంపిన తెలివి మనింట్లోనే దిగిపోయింది" అనేవాడు సోమలింగం. "ఎవరే మాటన్నా అన్నది అన్నట్టే వినాలి. అదీ తెలివంటే!"

అలివేలుకి ఆడపిల్ల పుట్టింది. బారసాల అంటే తెలుసుగా? ఇరవై ఒకటో రోజున పళ్ళెంలో బియ్యం పరిచి, ఉంగరంతో పిల్ల పేరు రాస్తారు. తెల్లవారితే బారసాల. పేరు మాత్రం కుదరలేదు. సోమలింగం ఒకటంటే నాగరత్తమ్మ ఇంకొకటి. "రేపు పేరు రాయకపోతే ఊరు నవ్వుతుంది. మన తెలివికి మచ్చ" అని సోమలింగానికి ముద్ద దిగడంలేదు.

పక్కింటి మాస్టారు మాటవరసకి అన్నాడు: "కూర్మనాథం గారని పెద్ద రచయిత ఉండేవారు. కథల్లో మూడొందల మందికి పేర్లు పెట్టారు. పట్నంలో ఆయన ఇల్లు ఇప్పటికీ అలాగే ఉంది, జనం వెళ్ళి చూసొస్తారు."

"మూడొందల మందికి పెట్టినాయన మన ఒక్కదానికి పెట్టడా!" అన్నాడు సోమలింగం. అంతే, పిల్లని చంకనేసుకుని నలుగురూ బస్సెక్కేశారు.

గేటు దగ్గర బోర్డు ఉంది. 'చెప్పులు ఇక్కడ విడిచి లోపలికి వెళ్ళవలెను.' నలుగురూ కాళ్ళకేసి చూసుకున్నారు. అన్నీ ఉత్తకాళ్ళే.

"లేని చెప్పులు ఎలా విడుస్తాం నాన్నా?" అన్నాడు కోటిలింగం.

"కొని విడుద్దాం రా."

ఇంకేముంది! ఎదురు కొట్లో ఐదు జతలు కొన్నారు. పిల్లకి కూడా. అన్నీ వరసగా విడిచి, తల పైకెత్తి లోపలికి నడిచారు.

ఇల్లు చూపించే విశాలాక్షి గారు రోజూ చెప్పే మాటలే కళ్ళు మూసుకుని అప్పజెబుతోంది. "కూర్మనాథం గారు మరణించలేదు. ఈ గదిలో, ఈ గాలిలో, ఇప్పటికీ మన మధ్యే ఉన్నారు. ఇక్కడ దుమ్ము కూడా మేం కదపలేదు."

నాగరత్తమ్మ పమిట సర్దుకుని గాలికి దండం పెట్టింది. "అన్నయ్యగారూ, కులాసాయేనా? వదినగారు వంటింట్లో ఉన్నారా?"

"పెద్దవాళ్ళు వెంటనే పలకరే" అన్నాడు సోమలింగం.

అంతలో అలివేలు తుమ్మింది. బల్లమీది దుమ్ము లేచింది. "అయ్యో మావయ్యా, దుమ్ము కదిలిపోయింది!" అంతే, దొరికిన దుమ్ము దొరికినట్టు పట్టి మళ్ళీ బల్లమీద పెట్టాలని నలుగురూ రెండు చేతులతో టపాటపా కొట్టడం మొదలెట్టారు. చప్పట్లనుకుని ఇల్లు చూడొచ్చిన మిగతా జనమూ కొట్టారు. విశాలాక్షి గారు మురిసిపోయి ఇంకో రెండు ముక్కలు చెప్పింది. "కాఫీ గొంతు దిగితే గానీ ఆయన కలం కదిలేది కాదు!"

"అదీ సంగతి! ఆయనకి ఎవరూ కాఫీ ఇచ్చినట్టు లేదు. కోటీ, పరుగెత్తు!"

కోటిలింగం హోటల్ నుంచి పెద్ద గ్లాసుడు తెచ్చాడు.

"ఆయన ఎక్కడున్నారన్నారమ్మా?" అని మర్యాదగా అడిగాడు సోమలింగం.

"ఈ గాలిలోనే" అంది ఆవిడ, కళ్ళు తెరవకుండానే.

ఇంకేముంది, సోమలింగం గ్లాసెత్తి కాఫీ అంతా గాలిలోకి విసిరాడు. సగం విశాలాక్షి గారి నెత్తిన పడింది. సగం బల్లమీద కలం కింద పెట్టిన తెల్లకాగితం మీద పడి, మూడు తోకలున్న మరకయింది.

"రాశారు! పేరు రాశారు!" అని గెంతాడు సోమలింగం.

"మీ మొహం! ఆ కాగితం మొన్న నేను కొని పెట్టింది. పట్టుకుని బయటికి నడవండి!" అని అరిచింది ఆవిడ.

"చూశారా, పట్టుకుపొమ్మన్నారు" అని కాగితం కళ్ళకద్దుకుని వచ్చేశారు.

మర్నాడు బారసాలలో సోమలింగం ఉంగరం తీసుకుని, మూడు తోకలతో సహా ఆ మరకని బియ్యంలో గీశాడు.

"ఇదేమిటయ్యా?" అన్నారు పంతులుగారు.

"పేరండీ. కూర్మనాథం గారు స్వయంగా రాశారు."

"ఏమని చదవాలి?"

"చదవడమా? అంత పెద్దాయన రాసినదానికి దండం పెట్టుకోవాలి గానీ, చదువుతారా ఎక్కడైనా!"

"మరి పిల్లని ఏమని పిలుస్తావు?"

అది సోమలింగానికి తోచలేదు మరి. చుట్టాలు కిసుక్కుమన్నారు. ఊరు నవ్వనే నవ్వింది!

ఇంతలో పెరట్లోంచి కోడిపెట్ట దూసుకొచ్చి పళ్ళెంలో బియ్యం టకటకా ఏరుకుతింది.

"నాన్నా, పేరు మింగేసింది!" అని కోటిలింగం కర్ర తీశాడు. కోడి ఎగిరి ఉయ్యాల మీద కూర్చుని "కొక్కొక్కో" అంది.

"ఆగరా, కొట్టకు! చదువుతోంది!" అన్నాడు సోమలింగం, కళ్ళనీళ్ళు పెట్టుకుని.

అంతే. పిల్ల చెవిలో ముమ్మారు "కొక్కొక్కో" అని పిలిచారు. పంతులుగారి కోసం తెచ్చిన కొత్త పంచెల చాపు కోడికి కప్పి, నలుగురూ వంగి దాని కాళ్ళకి దండం పెట్టారు. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. కూర్మనాథం గారి ఇంటికి ఎంతమంది వెళ్ళొచ్చినా, ఆయన రాత చదవబోయింది ఆ కోడి ఒక్కటే.

ఇక లేవండి. కథలో పడి ఆపేశాను, వంటకి చిక్కుడుకాయలు ఇంకా సగం తుంచాలి, వెళ్తున్నాను.